ఆలస్యము, విలంబము: ఒక అర్థవిచారము

ఆలస్యము, విలంబము, జాగు, తడవు, నిదానము, వాయిదా అను పదములను పర్యాయములుగా బోధించుట మనకు పరిపాటియైనది. కాలమును తెలుపుటలో ఇవి సమీపవర్తులే. దోషమును తెలుపుటలో మాత్రము భిన్నములు. ఈ భేదమును విస్మరించినచో కావ్యార్థమునకే హాని కలుగునని మా యభిప్రాయము.

సంస్కృతమున ఆలస్యము అలసుని భావము, అనగా సోమరితనము. తెలుగున అలసత్వము ఆ యర్థమునే నిలుపుకొన్నది. ఆలస్యము మాత్రము కాలాతిక్రమణమునకు పేరైనది. గోదావరి రేవున పంటు ఆలస్యముగా వచ్చినదందుము. పంటునకు సోమరితనము లేదు గదా! విలంబమున నిందయే లేదు: సంగీతమున విలంబకాలము గతిభేదమే కాని గాయకుని లోపము గాదు. ఆదికారణమను నర్థముగల నిదానము, తెలుగున పరిశీలనమునకును, దానినుండి తొందరలేని నడవడికకును చెల్లి, ప్రశంసాపదమైనది. వాయిదా అరబ్బీమూలమున వాగ్దానము. శిస్తు వాయిదా యనగా చెల్లించుటకు గడువు. వాయిదా వేయుట యనగా ఆ గడువునే దాటించుట.

మహాభారత శాంతిపర్వమున భీష్ముడు ధర్మజునకు చెప్పిన రెండు కథలు దీనికి గీటురాళ్లు. జాలరులు మడుగునీటిని తోడుచుండినను దీర్ఘసూత్రుడను మత్స్యము కదలక చచ్చినది. తల్లిని వధింపుమని గౌతముడాజ్ఞాపింపగా కుమారుడు చిరకారి చిరకాలమాలోచించుచు నిలిచెను, అంతలో తండ్రి పశ్చాత్తాపముతో తిరిగివచ్చెను, తల్లి బ్రతికెను. ఇరువురును జాగు చేసినవారే. మొదటిది పూర్వార్థమున ఆలస్యము; రెండవది నిదానము. రెంటికిని ఒకే పదముతో టీక వ్రాసినచో భీష్ముని తీర్పే మఱుగుపడును.

ఈ వివేకము సాహిత్యచరిత్రకును వలయును. రాజమహేంద్రవరమున 11వ శతాబ్దిలో నన్నయ ఆరంభించిన భారతము అరణ్యపర్వమధ్యమున నిలిచెను. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వమునుండి సాగించెను. అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించెను. భారతాంధ్రీకరణము ఆలస్యమైనదని వ్రాయువారు, తామెఱుగకయే ఆ మహాకవులపై పూర్వపు నిందను మోపుచున్నారు. తడవు పట్టినదనిన చాలును. అది కాలమును చెప్పి తీర్పును చదువరికి విడుచును.

కావున విద్యార్థులకు ఈ పదములను బోధించునపుడు, నిఘంటువులలో కూర్చునపుడు, అర్థముతోపాటు నిందాప్రశంసలను గూడ సూచించుట యావశ్యకము.