కరువు నేల నవల: ఇతివృత్తం, కథన శైలి (కెనడా, రాయలసీమ నవలల పరిశీలన)

1. పరిచయం

రాయలసీమ నవల మీద ప్రశ్న ఇస్తే ఎక్కువ జవాబు పత్రాల్లో రెండే మాటలు కనిపిస్తాయి. ఇతివృత్తం: కరువు. శైలి: మాండలికం. ఈ జవాబు తప్పు కాదు, కానీ చాలదు. నవల చదవకుండానే రాయగల జవాబు అది. రాయచోటి అధ్యయన కేంద్రంలో తరగతికి వచ్చే విద్యార్థుల్లో సగం మంది ఇళ్ళలో వానకోసం ఎదురుచూసే శనక్కాయ చేను ఉంటుంది, లేదా కువైట్ వెళ్ళిన మనిషి ఉంటారు. తమ బతుకు గురించిన నవలను ఒక్క మాటతో ముగించడం వారికే నష్టం. ఆ జవాబును దాటి చదవడం ఎలాగో ఈ పాఠంలో చూద్దాం. పోలిక కోసం దూరదేశమైన కెనడా నవలను తోడు తీసుకుందాం.

2. కెనడా నవల ఎందుకు?

1972లో రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 'సర్వైవల్' అనే విమర్శ గ్రంథం ప్రచురించారు. కెనడా సాహిత్యానికి కేంద్రం 'బతికి బయటపడటం' అని ఆమె ప్రతిపాదన. చలి, మంచు, నిర్జన మైదానాలు, వాటి మధ్య నిలదొక్కుకునే మనిషి: ఇదీ ఆమె చూపిన చిత్రం. మన ప్రాంతంలో చలి స్థానంలో ఎండను, మంచు స్థానంలో దుమ్మును పెట్టుకుంటే పోలిక వెంటనే అందుతుంది.

నిజానికి దుమ్ము అక్కడా ఉంది. 1930లలో కెనడా పశ్చిమ మైదానాలు ఏళ్ళ తరబడి ఎండిపోయాయి. సింక్లెయిర్ రాస్ 1941లో ప్రచురించిన 'యాజ్ ఫర్ మీ అండ్ మై హౌస్' ఆ నేపథ్యంలోదే. హొరైజన్ అనే చిన్న ఊరికి ఒక పాస్టరు, ఆయన భార్య కొత్తగా వస్తారు. ఆయనకు చేస్తున్న పని మీద విశ్వాసం లేదు. చిత్రకారుడు కావాలని కోరిక. కథంతా భార్య రాసుకున్న డైరీ. కిటికీ సందుల్లోంచి ఇంట్లోకి వచ్చే దుమ్ము ప్రతి పుటలోనూ ఉన్నట్టే ఉంటుంది. అయినా ఇది దుమ్ము గురించిన నవల కాదు. ఒకే కప్పు కింద ఉండి మాట్లాడుకోలేని దంపతుల నవల.

3. వస్తువు, ఇతివృత్తం

ఇక్కడ ఒక భేదం గమనించండి. కరువు వస్తువు. ఆ కరువులో మనిషి ఏ నిర్ణయం తీసుకున్నాడు, దానికి ఏం చెల్లించాడు అన్నది ఇతివృత్తం.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. మేత, నీరు కరువైనప్పుడు గొర్రెల కాపరులు మందలను నల్లమల అడవికి తోలుకుపోవడమే కొండపొలం. చదువుకుని ఉద్యోగం దొరకని యువకుడు ఆ మందతో వెళ్తాడు. కరువు అతణ్ణి అడవికి పంపింది, అంతవరకే దాని పని. తర్వాత జరిగేదంతా భయానికీ ధైర్యానికీ మధ్య అతనిలో జరిగే పోరు. చదువు నేర్పనిదాన్ని అడవి నేర్పిందా అన్నదే నవల వేసే ప్రశ్న.

కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ఇంకా తక్కువ సరంజామా. తప్పిపోయిన చూలు పందిని వెతుకుతూ ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. ఒక రాత్రి, ఒక మనిషి. 'జయించాడు' అన్న మాటను నవల పూర్తయ్యాక మరోసారి చదవండి. అది గెలుపా, ఓటమా అని మీరే తేల్చుకోవాలి.

4. కథన శైలి

శైలి అంటే యాస ఒక్కటే కాదు. ఎవరు చెబుతున్నారు, ఎంత కాలాన్ని చెబుతున్నారు, ఏం దాచారు అనేవి కూడా శైలే. రాస్ నవలలో డైరీ రాసే భార్య చెప్పిందే మనకు దిక్కు. ఆమె భర్తను సరిగా అర్థం చేసుకుందా అన్న అనుమానం చదివే కొద్దీ పెరుగుతుంది. మార్గరెట్ లారెన్స్ 'ది స్టోన్ ఏంజెల్' (1964)లో తొంభై ఏళ్ళ హేగర్ తన కథ తనే చెబుతుంది. వర్తమానం, జ్ఞాపకం ఒకదానిలోంచి ఒకటి జారుతుంటాయి. కేశవరెడ్డి కాలాన్ని ఒక రాత్రికి కుదించారు. అందుకే అడవిలో ప్రతి చప్పుడుకూ బరువు వచ్చింది.

మాండలికం విషయమూ అంతే. అది అలంకారం కాదు. మేకకూ గొర్రెకూ, మేతకూ జబ్బుకూ కాపరి దగ్గర ఉన్న మాటలు పత్రికా భాషలో దొరకవు. ఆ మాటలు తీసేస్తే ఆ జ్ఞానం కూడా పోతుంది.

5. పోలికకు హద్దు

ఆట్‌వుడ్ సూత్రం మీద విమర్శ వచ్చింది. ఒక దేశపు సాహిత్యాన్నంతా ఒకే దారానికి గుచ్చారన్నది దాని సారాంశం. 'కరువు సాహిత్యం' అన్న ముద్రకూ అదే మాట వర్తిస్తుంది. పైగా మన కరువు ఆకాశం ఒక్కటే తెచ్చింది కాదు. నేల ఎవరిది, నీరు ఎవరికి, కూలి ఏ కులానిది అన్న ప్రశ్నలు దాని వెంట ఉంటాయి. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి 'శప్తభూమి' పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురానికి, హండె పాలకుల కాలానికి వెళ్ళింది ఇందుకే. శాపం అన్నది దైవం పెట్టిందా, అధికారం పెట్టిందా అని అడగడానికి చరిత్ర కావాలి.

6. సారాంశం

వాతావరణం నవలకు నేల మాత్రమే. దాని మీద మనిషి వేసే అడుగు ఇతివృత్తం. ఆ అడుగును మనకు చూపించే తీరు శైలి. ఈ మూడింటినీ విడదీసి చూసి, మళ్ళీ కలిపి చదవడమే విమర్శ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వస్తువుకు, ఇతివృత్తానికి భేదాన్ని మీరు చదివిన ఒక నవల ఆధారంగా వివరించండి.
2. డైరీ రూపంలో కథ చెప్పడం వల్ల వచ్చే లాభం, చిక్కు ఏమిటి?
3. మీ ఊరి నుంచి వలస వెళ్ళిన ఒకరి కథను నవలగా రాస్తే ఎవరి చేత చెప్పిస్తారు? కారణం రాయండి.