బొమ్మ పలుకు, చిత్రకారుని పలుకు

కళాకారుని కూర్చుండబెట్టి మాటలాడించి, ఆ మాటలను అచ్చువేయుట తెలుగు పత్రికలలో చిరకాలముగ సాగుచున్న పనియే. అడుగువారు మారినను ప్రశ్నలు మారుట అరుదు. మీకు ప్రేరణ ఎక్కడిది? ఈ వృత్తిలో ఎట్లు నిలదొక్కుకొంటిరి? మీ తరువాత ఏమి మిగులును? వచ్చు జవాబులును ఇంచుమించుగ ఒక్క తీరుననే యుండును: బాల్యమున గోడలపై బొగ్గుతో గీసిన బొమ్మలు, పట్టణమున పడిన పాట్లు, శిష్యులను గూర్చిన ఆశ. వీనిలో అసత్య మేమియు లేదు. కాని ఈ ప్రశ్నలు మూడును ఒక విధమగు కళాకారుని కొరకే పుట్టినవి. అతడు పటము క్రింద తన పేరు వ్రాయును. దానిని ముక్కుమొగ మెరుగని వానికి అమ్మును. తాను పోయిన పిదప అది ఒక గోడపై వ్రేలాడునని నమ్మును. అట్టి పేరు గాని, అట్టి గోడ గాని లేని కళాకారుని ఎదుట ఈ ప్రశ్నలు ఏమగును? ఈ సంశయమునకు జంషెడ్‌పురము, దాని చుట్టుపట్ల పల్లెలు మంచి ఒరగల్లు.

జంషెడ్‌పురము తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1907లో స్థాపితమైన టాటా ఇనుము, ఉక్కు సంస్థ సాక్చీ అను పల్లెయొద్ద కర్మాగారము కట్టి 1912లో ఉక్కు పోసినది. 1919లో ఆ ఊరికి జంషెడ్జీ పేరు వచ్చినది. పనికై అచ్చటికి వెళ్లిన తెలుగు కుటుంబములు తరతరములుగ అక్కడనే యున్నవి. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము, కదమాలోని ఆంధ్రసంఘము వారి ఉనికికి గుర్తులు. వారి వాకిళ్లకు చేరువలోనే రెండు గొప్ప కళలు కలవు: సరాయికెల్లా ఛౌ నృత్యము, ఆమాడుబి పల్లెలోని ప్యాట్కార్ పటచిత్రములు. ఆ నగరముననే 2014లో ఆరంభమై, ఏటేట నవంబరు 15న బిర్సా ముండా జయంతినాడు మొదలగు గిరిజన సమ్మేళనమునకు ‘సంవాద్’ అని పేరు పెట్టిరి. పేరు చక్కనిది. సంవాదమనగా ఇరువురును మాటలాడుట గదా. ఒకరు అడుగుటయు, రెండవవారు పాఠము ఒప్పజెప్పుటయు కాదు.

మొదట సరాయికెల్లా. ఆ నృత్యమున నర్తకుని ముఖము ముసుగుబొమ్మతో పూర్తిగ కప్పబడును. పాత్రకు మాట లేదు. వాద్యముల నడకయే దానికి ఆధారము. లోపల ఊపిరి సలుపుట కష్టము గనుక ఒక్కొక్క నృత్యము కొద్ది నిమిషములలో ముగియును. మన కూచిపూడి కళాకారునితో ఇతనిని పోల్చిచూచిన భేదము తేటపడును. సత్యభామ తెర వెనుకనుండి జడ చూపి, తానెవరో తానే చెప్పుకొనుచు ప్రవేశించును. వేదాంతం సత్యనారాయణశర్మ వంటివారికి వాచికము విద్యలో ఒక భాగము. అట్టివారిని పలుకరించిన మాటకు కొదువ యుండదు. ఛౌ నర్తకునికి మాట తన విద్యకు వెలుపలిది. అతనిని ‘మీ ప్రేరణ యేమి?’ అని అడుగుట, చేపను ఒడ్డున పెట్టి ఈత చూపుమనుట వంటిది.

అయినను అతని జవాబు లేకపోలేదు. ఛౌ శిక్షణమున ‘ఉఫ్లీ’లని కొన్ని కదలికలు కలవు. పేడతో ఇల్లలుకుట, అంట్లు తోముట వంటి ఇంటిపనులనుండియు, పశుపక్ష్యాదుల నడకలనుండియు అవి పుట్టినవి. ఈ ఇంటిపనులు ఆడవారివి. నృత్యమో, మొన్నమొన్నటివరకు మగవారిది. సృజనను గూర్చి ఆ ప్రాంతమున అడుగదగిన ప్రశ్న అక్కడనే యున్నది. అలుకుచున్న చేయి ఏ క్షణమున నృత్యహస్తమైనది? ఎవరి చేతిని చూచి ఎవరు నేర్చిరి? ఇట్లడిగిన నర్తకుడు లేచి చేసి చూపును. వ్రాయువాడు అప్పుడు కలము క్రింద పెట్టి చూడవలెను. చూచినదానిని పిదప మాటలలో పెట్టుట అతని పని.

వృత్తి, వారసత్వము అను మాటలకు సరాయికెల్లాలో ఒక చరిత్రయే కలదు. సంస్థానాధీశుల కుటుంబమే ఈ కళను పోషించినది, తానును ఆడినది. కుమార విజయప్రతాప్ సింగ్ దేవ్ నృత్యములకు కొత్త రూపు తీర్చెను. 1938లో ఆ బృందము ఐరోపా పర్యటించెను. 1963లో సుధేంద్ర నారాయణ్ సింగ్ దేవ్‌కు సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది. నడుమ 1948లో సంస్థానము విలీనమైనది. కోట పోషణ తగ్గి, పిదప ప్రభుత్వ నృత్యకేంద్రము వెలసెను. 2005లో పద్మశ్రీ పొందిన కేదారనాథ్ సాహూ రాజకుటుంబీకుడు కాడు. ఆయన వద్ద అమెరికానుండి వచ్చిన షారన్ లోవెన్ నేర్చినది. కోట, సర్కారు కేంద్రము, సముద్రము దాటివచ్చిన శిష్యురాలు: వీరిలో వారసు లెవరు? ముగ్గురును అగుదురు. ఎవరిని అడిగిన వారి జవాబు వారిది. ఒక్కరి సంభాషణమును అచ్చువేసి ‘ఛౌ వారసత్వము’ అని శీర్షిక పెట్టు సంపాదకుడు తక్కిన ఇరువురి నోరు మూసినవాడగును. ఇక ముసుగుబొమ్మ చేయువాని మాట వేరుగ చెప్పవలెనా? సభ చప్పట్లు కొట్టునది అతడు దిద్దిన కనుబొమలను చూచియే. పలుకరింపు మాత్రము నర్తకునికే.

ఆమాడుబి తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో ధాల్భూమ్‌గఢ్ సమీపముననున్న పల్లె. అచ్చటి ప్యాట్కార్లు రాతిపొడులు, ఆకుపసరులు, మసి మున్నగువానితో నిలువుపటములు వ్రాయుదురు. పటమును చుట్టగ చుట్టి ఇంటింటికి కొనిపోయి, మెల్లగ విప్పుచు కథ పాడుట వారి ఆచారము. వ్రాసినవాడే పాడువాడు. సంతాలుల నడుమ సంచరించు జాదూపటువాలును ఈ కోవకు చెందినవారే. వారి యందొక వింత వాడుక కలదు. ఒక ఇంట ఎవరైన మరణించిన, పటువా ఆ మృతుని బొమ్మను వ్రాసి తెచ్చును. కన్నులుండును గాని పాపలుండవు. ‘మీవాడు చూపులేక పరలోకమున తడుములాడుచున్నాడు’ అనును. ఇంటివారు దక్షిణ యిచ్చిన పిదప కుంచెతో రెండు చుక్కలు పెట్టును. దానిని చక్షుదానమందురు.

ఆ రెండు చుక్కలలో పత్రికలవారి మూడు ప్రశ్నలును కరగిపోయినవి. కుంచె చుక్క సృజన, దక్షిణ వృత్తి, చూపు పొందిన మృతుడు ఆ యింటికి మిగిలిన వారసత్వము. వీనిని వేరుచేసి అడిగినచో పటువాకు ప్రశ్న అర్థము కాదు, అర్థమైనట్లు తల యూపినను ఆ జవాబు మనకొరకు కల్పించినదే యగును. ఇందు మోసమున్నదని, పటువా శోకమును సొమ్ము చేసికొనుచున్నాడని అనువారు లేకపోలేదు. పురోహితునికి ఇచ్చు గోదానమున లేని మోసము ఇందు మాత్రమే కనబడుట విచిత్రము.

తెలుగునాట దీనికి చుట్టము చేర్యాల పటము. ఇప్పటి సిద్ధిపేట జిల్లాలోని ఆ ఊర నకాషీలు ఖద్దరుబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పట్టించి, ఎఱ్ఱని నేలపై కథను వరుసలు వరుసలుగ దిద్దుదురు. కాని ఇచ్చట వ్రాసినవాడు పాడడు. పద్మశాలీలకు మార్కండేయపురాణము చెప్పు కూనపులివారు, గౌడులకు కథ చెప్పు గౌడజెట్టివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పు కాకిపడిగెలవారు పటము వ్రాయించుకొని కొనిపోవుదురు. చిత్రకారుడు మౌని, కథకుడు వాచాలి. ఇప్పుడు పత్రికలవారు, చలనచిత్రకారులు వచ్చి పలుకరించుచున్నది నకాషీనే. తరతరములుగ మరియొకరి నోట పలికిన బొమ్మకు హఠాత్తుగ తానే వ్యాఖ్యాత కావలసివచ్చెను. కథకుని మాటయో, వినువారు తగ్గుటతో పాటు అడుగువారును తగ్గి సన్నగిల్లుచున్నది. చేర్యాలను గూర్చి వచ్చిన వ్రాతలలో రంగుల తయారీ పుష్కలముగ దొరకును; కథ చెప్పునప్పుడు ఏ వరుసవద్ద కథకుడు కఱ్ఱ నిలుపును, ఎక్కడ వినువారు కంటతడి పెట్టుదురు అను సంగతి అరుదుగ దొరకును.

మరియొకటి. జీర్ణించిన పటమును శాస్త్రోక్తముగ నదిలో విడిచి, కొత్తది వ్రాయించుకొనుట వారి పూర్వాచారము. వారసత్వమనగా దాచుట అనుకొను మనకు ఇది గుండె కలుక్కుమను సంగతి. వారికి వారసత్వము వస్తువునందు లేదు, మరల వ్రాయించుట యందున్నది. వ్రాయించువాడు లేనినాడు పటమును అద్దములో భద్రపరచినను అది నిలిచినట్లు కాదు. నేడు చేర్యాలలోను, ఆమాడుబిలోను కొనువాడు యాత్రికుడు. వానికి నిడుపాటి కథ అక్కరలేదు, సంచిలో పట్టు ఒక్క దృశ్యము చాలును. పాట తెగి బొమ్మ మిగిలినది. దీనికై చిత్రకారుని నిందించుట తగదు. అతని పొయ్యి రగులుటకు ఆ చిన్న బొమ్మయే ఆధారము.

తెలుగులో కళాకారుల పలుకులను పట్టి యుంచినవారిలో సంజీవదేవ్ (1914–1999) అగ్రగణ్యుడు. తుమ్మపూడినుండి కులూలోయ వరకు తిరిగి, నికొలస్ రోరిక్ వంటివారి సాన్నిధ్యము పొందిన ఆయన ‘తెగిన జ్ఞాపకాలు’ చదువుట ఒక ఉల్లాసము. కాని అది స్నేహితుని చూపు. తీరికగ కూర్చున్న ఇరువురు సమానుల మాట. కూలిగిట్టక పటము మానుకొన్న వానితో మాటలాడుటకు ఆ పద్ధతి చాలదు. నటరాజ రామకృష్ణ (1923–2011) మరియొక దారి త్రొక్కెను. 1947 నాటి మదరాసు దేవదాసీ చట్టము పిదప మరుగుపడిన వృద్ధ కళావంతులను వెదకి, వారివద్ద తాను నేర్చెను. వినువాడే శిష్యుడైన సంభాషణమది. ఆంధ్రనాట్యము దాని ఫలము. అయినను వారి అడుగులు మిగిలినంతగా వారి మాటలు మిగులలేదని ఒప్పుకొనవలెను. ఒక చట్టము తమ జీవనమును మార్చినపుడు వారేమనుకొనిరో వారి పలుకుబడిలోనే చదువవలెనన్న కోరిక తీరునది కాదు.

పలుకుబడియే అసలు చిక్కు. కళాకారుడు చెప్పినదానిని దిద్ది, చదువుకొన్నవారి భాషలోనికి మార్చి వేయుట మన పత్రికల అలవాటు. ‘అంబలి పట్టించితిమి’ అన్న మాట ‘ఉపరితలమును సంసిద్ధము చేసితిమి’ అని అచ్చగును. అంతటితో నకాషీ పోయి ఉపన్యాసకుడు మిగులును. జంషెడ్‌పురములోని తెలుగు రచయితకు ఈ బాధ ఇంకను ఎక్కువ, ఏలయన అతడు పొరుగుభాషలో విని తెలుగులో వ్రాయవలెను. అయినను అతనికొక మేలు కలదు. ఇల్లు ఒక భాష, వీధి ఒక భాష, కర్మాగారము ఒక భాషగ బ్రతికినవాడు గనుక తర్జుమాలో ఏది జారిపోవునో అతనికి చెవియే చెప్పును. అతడు ఆమాడుబి వెళ్లినపుడు ప్రేరణ మాట ఎత్తనక్కరలేదు. యముని సభ వచ్చుచోట పటమును ఎంతసేపు ఆపి పట్టుకొందువు, ఆ యింటివారు ఏడ్చుచున్నపుడు పాట ఆపుదువా సాగింతువా అని అడిగి, పటము విప్పుటకు చోటు విడిచి కూర్చున్న చాలును.