గడప లేని చోట ఆదరణ: పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ – ఒక పరిశీలన

కీలకపదాలు: గాలివాన, పాలగుమ్మి పద్మరాజు, గోదావరి డెల్టా, అన్నదానం, డొక్కా సీతమ్మ, నిరాశ్రయత, యాచన

ప్రవేశిక

పాలగుమ్మి పద్మరాజు (1915–1983) రచించిన ‘గాలివాన’ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి లభించింది. ఈ కథను తరగతి గదుల్లో పాఠంగా చెప్పేటప్పుడు సాధారణంగా వినిపించే వ్యాఖ్య ఒకటి ఉంది. నియమాల చట్రంలో బతికిన రావుగారు అనే వేదాంతిలో ఒక తుపాను రాత్రి మానవత్వం మేల్కొన్నదన్నది ఆ వ్యాఖ్య. అది తప్పు కాదు గాని, కథ మొత్తాన్నీ రావుగారి మనఃపరివర్తనకు కుదించివేస్తుంది. బిచ్చగత్తె అందులో ఒక ఉపకరణంగా మిగిలిపోతుంది. దిక్కులేని పరాయి మనిషి ఎదురైనప్పుడు లోకం ఎలా స్పందిస్తుందన్న కోణంనుంచి చదివితే మొట్టమొదటి చిక్కు వేరే చోట ఎదురవుతుంది: అసలు ఈ కథలో నిరాశ్రయులెవరు?

గన్నవరం గడప

ఈ ప్రశ్నకు గోదావరి సీమలో ఒక పూర్వరంగం ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) తన ఇంటినే అన్నసత్రంగా మార్చిన సంగతి జగద్విదితం. వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న ఆ ఊరికి పడవల మీద రేవులు దాటి వచ్చే బాటసారులు వేళకాని వేళ ఆకలితో చేరేవారు. వచ్చినవారి కులగోత్రాలు అడగకుండా, వేళ చూడకుండా ఆమె వడ్డించేదని ప్రతీతి. ఆమె గురించి చెప్పుకునే కథల్లో అంతర్వేది ప్రయాణ వృత్తాంతం ప్రత్యేకంగా గమనించదగింది. నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరిన సీతమ్మకు దారిలో ఒక పెళ్లివారి గుంపు మాటలు వినబడతాయి. గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని వారు ఆకలితో ఉన్న పిల్లలను ఊరడిస్తుంటారు. ఆమె దర్శనం మానుకొని, వారికంటే ముందే ఇల్లు చేరుకునేందుకు పల్లకి వెనక్కి తిప్పిస్తుంది.

ఈ వృత్తాంతాన్ని త్యాగానికి ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. కాని దానిలో ఒక నిర్మాణం ఉంది. ఆదరించే మనిషి ఇంట్లో ఉండాలి, ఆశ్రయం కోరే మనిషి గడపకు అవతల ఉండాలి. సీతమ్మ బయట ఉన్నంతసేపూ ఆమె సైతం ఒక ప్రయాణికురాలే. వారికి అన్నం పెట్టాలంటే తన గడపకు తాను తిరిగి చేరుకోవలసిందే. అన్నదాత, అతిథి అనే రెండు స్థానాలను నిలబెట్టేది ఇల్లు. వైనతేయపై గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరు పెట్టినా, మధ్యాహ్న బడిభోజన పథకానికి ఆమె పేరు పెట్టినా సమాజం గౌరవించినది ఈ నమూనానే. పెట్టేవారి పేరు నిలిచింది. తిన్నవారి పేర్లు ఎక్కడా లేవు. ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా.

రైలుపెట్టె, వెయిటింగ్ రూము

పశ్చిమ గోదావరి జిల్లా తిరుపతిపురంలో పుట్టి, కాకినాడ పి.ఆర్. కళాశాలలో సైన్సు బోధించిన పద్మరాజు ఈ నమూనాలోంచి గడపను తీసివేశాడు. కథ రైలుపెట్టెలో మొదలై చిన్న స్టేషనులోని వెయిటింగ్ రూములో నడుస్తుంది. రెండూ ఎవరి ఇళ్లూ కావు. టిక్కెట్టు ఉన్నంతవరకే అక్కడ ఎవరికైనా హక్కు. బిచ్చగత్తెకు ఆ హక్కు కూడా లేదు. ఆమె పెట్టెలోకి వచ్చి చేయి చాచినప్పుడు రావుగారు ఇవ్వడు. ఆయన నిరాకరణలో పిసినారితనం లేదు, సిద్ధాంతం ఉంది. యాచనను ఆయన సూత్రరీత్యా అంగీకరించడు. ఈ తేడా ముఖ్యం. పిసినారిని పాఠకుడు సులువుగా తప్పుపట్టగలడు. సిద్ధాంతం ఉన్న మనిషిని తప్పుపట్టాలంటే పాఠకుడు తన సొంత సిద్ధాంతాన్ని కూడా బయటపెట్టుకోవాలి. ‘ఒళ్లు వంచి పనిచేసుకోవచ్చుగా’ అన్న మాట నేటికీ ప్రతి రైల్వే ప్లాట్‌ఫారం మీదా వినిపించేదే.

రావుగారు స్టేషనులో దిగాక గాలివాన పెరుగుతుంది. గోదావరి డెల్టా పాఠకుడికి గాలివాన ఒక ప్రతీకగా తోచకముందే అనుభవంగా తెలుసు. 1839లో కోరంగి రేవును ముంచెత్తిన ఉప్పెన మొదలుకొని 1996 నవంబరులో కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుపాను దాకా ఈ నేల మీద ఇల్లున్నవాడికీ లేనివాడికీ మధ్య గోడ ఒక్క రాత్రిలో కూలిపోయిన సందర్భాలున్నాయి. కథలో జరిగేదీ అదే. పద్ధతి ప్రకారం జీవితాన్ని అమర్చుకున్న రావుగారు చీకట్లో, చలిలో, భయంతో దిక్కులేని పరాయివాడవుతాడు. అదే గదిలోకి బిచ్చగత్తె వస్తుంది. గాలివానలను బయటే గడపడం అలవాటైన మనిషి ఆమె. ధైర్యం చెబుతుంది, దగ్గర కూర్చుంటుంది. ఆమె ఒంటి వెచ్చదనమే ఆ రాత్రి ఆయనకు ఆసరా.

ఇక్కడ నిరాశ్రయుడు రావుగారు, ఆదరించినది బిచ్చగత్తె. మానవత్వం మేల్కొన్నదన్న వ్యాఖ్య ఈ తలకిందులును పూర్తిగా పట్టుకోదు. ఆమెలో అది మేల్కొనవలసిన అవసరమే లేదు. ఆమె ఆయన అర్హతను విచారించదు. పగటిపూట తనకు కానీ ఇవ్వని మనిషి అని లెక్క చూడదు. అన్నదాతకు ఉండే ఇల్లు గాని, పేరు గాని, పుణ్యఫలాపేక్ష గాని ఆమెకు లేవు. సీతమ్మ సంప్రదాయానికి ఇది విరుద్ధం కాదు. ఆ సంప్రదాయం చేరలేని చోట దాని మూలధాతువు ఒక్కటే మిగిలితే ఎలా ఉంటుందో పద్మరాజు చూపాడు.

పర్సు

అంతటితో ఆగి ఉంటే కథ ఒక మంచి నీతికథ అయ్యేది. రావుగారు మెలకువ వచ్చి చూసేసరికి ఆమె ఉండదు, పర్సూ ఉండదు. గాలి తగ్గాక కూలిన టిక్కెట్టు గదిలో ఆమె శవం కనిపిస్తుంది. ఆమె దగ్గర రావుగారి పర్సు ఉంది, రైల్వే సొమ్ము ఉంది. ఆదరించిన మనిషే దొంగతనమూ చేసింది. ఈ రెంటినీ ఒకే మనిషిలో నిలపడం కథ సాధించిన అసలు విజయం. రాత్రి ఆమె చూపిన దయ పర్సుకోసం వేసిన ఎత్తు అని చదవడానికి కథ అవకాశమివ్వదు. అలాగని దొంగతనాన్ని ఆకలి పేరుతో కడిగి పవిత్రం చేయదు కూడా. దిక్కులేని మనిషి మంచిదైతేనే జాలికి అర్హురాలన్న లోకరీతిని పద్మరాజు ఇక్కడ పరీక్షకు పెట్టాడు. రావుగారు ఆ పరీక్షలో నెగ్గుతాడు. చిన్నపిల్లవాడిలా ఏడుస్తాడు. ఆమెను ఎవరూ దొంగ అనకూడదని రైల్వే డబ్బు తిరిగి సొరుగులో పెడతాడు. తన పర్సు మాత్రం ఆమె దగ్గరే వదిలి, అందులోంచి తన పేరున్న కార్డు తీసుకుంటాడు.

ఆ కార్డు దగ్గర విమర్శకుడు కాస్త నిలవాలి. పేరు తీసివేయడం ఆమెను నిందనుంచి కాపాడుతుంది. అదే సమయంలో ఆమెతో తనకున్న సంబంధాన్ని లోకానికి తెలియకుండా చేస్తుంది. తెల్లవారాక ఆ శవం పక్కన రావుగారి పేరు ఉండదు. గుప్తదానానికీ తప్పించుకోవడానికీ మధ్య ఉన్న సన్నని గీత మీద కథ నిలిచిపోతుంది. పద్మరాజు ఏ వైపూ మొగ్గడు. ఇంకొక పరిమితిని కూడా ఇక్కడ గుర్తించాలి. రావుగారికి ఆమె పట్ల కలిగిన ఆత్మీయతను పగటి వెలుగులో పరీక్షించే అవకాశం కథ ఇవ్వలేదు. ఆమె బతికి, మరునాడు మరో రైలుపెట్టెలో ఆయన ముందు మళ్లీ చేయి చాచి ఉంటే ఏం జరిగేదో పాఠకుడికి తెలియదు. ఆమె చనిపోవడం వల్లనే రావుగారి కన్నీటికి ఆ పరీక్ష తప్పింది. వెయిటింగ్ రూములో ఆమె ఆయనకు చేసినది మాత్రం ఆయన బతికి ఉండగానే, ఆయన ఎలాంటివాడో తెలిసే చేసింది.