గోదాలోంచి రోముకు దారి

ప్రాచీన రోములో బరిలో పోరాడిన గ్లాడియేటర్ల పోరును వర్ణించమంటే చాలామంది పిల్లలు ‘పోరు భీకరంగా సాగింది’ అని రాసి కలం పక్కన పెడతారు. భీకరం అనేశాక వాళ్లకు చూడడానికి ఇంకేమీ మిగలదు.

వికారాబాద్, తాండూరు బడుల్లో ఈ వర్ణన పాఠాన్ని జాతర కుస్తీలతో మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడియం కుస్తీతో ముగిసే పోటీలు తెలంగాణ సరిహద్దు పల్లెలకు కొత్త కావు. పహిల్వాన్ గోదాలోకి దిగుతూనే మట్టిని తాకి కళ్లకద్దుకుంటాడు. చెమటకు పట్టు జారకుండా ఎదుటివాడి ఒంటికి గుప్పెడు మట్టి పూస్తాడు. ఇద్దరూ తలలు ఆనించి, మెడల మీద చేతులు వేసి, ఎవరి పాదం ముందు తేలుతుందా అని కాచుకుంటారు. ఇంతవరకూ ఉన్నదున్నట్టు రాస్తే భీకరం అన్న మాటతో పనే ఉండదు.

మన ఆలంకారికులు దీన్నే స్వభావోక్తి అన్నారు. కావ్యానికి చెప్పిన పద్దెనిమిది వర్ణనల్లో యుద్ధమూ ఉంది. తిక్కన విరాటపర్వంలో భీముడు వంటవాడి వేషంలో జీమూతుడనే మల్లుడితో తలపడతాడు. గెలవాలి, కానీ తానెవరో బయటపడకూడదు. ఈ ఇరకాటమే ఆ పోరుకు ప్రాణం. పోరాడేవాడికి లోపల ఏం అడ్డుపడుతోందో పట్టుకోవడం పిల్లలు ఇక్కడ నేర్చుకోవాలి.

అప్పుడు రోముకు వెళ్లవచ్చు. గ్లాడియేటర్ల పోరు జరిగిన కొలోసియం క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి కాలంలో ప్రారంభమైంది. దాన్ని కట్టిన ట్రావర్టీన్ రాయి కూడా తాండూరు నాపరాయిలాగే సున్నపురాయి జాతే. నాపరాయి గనుల నడుమ పెరిగిన తాండూరు పిల్లలకు ఎండలో ఆ గోడ చేతికి ఎలా తగులుతుందో ఒకరు చెప్పక్కర్లేదు. బరిలో ఇసుక. ఒకవైపు రెటియారియస్ అనే గ్లాడియేటర్: వల, త్రిశూలం, శిరస్త్రాణం లేని తల. ఎదురుగా సెక్యూటర్ అనే మరో రకం గ్లాడియేటర్: పెద్ద డాలు, వల తగులుకోకుండా నున్నగా చేసిన శిరస్త్రాణం, దానికి రెండు చిన్న కంతలు. ఆ కంతల్లోంచి ఎంత కనిపిస్తుంది? లోపల ఊపిరి ఎలా ఆడుతుంది?

ఈ ప్రశ్నలు వేసుకున్న పిల్లవాడికి అసలు తేడా తెలుస్తుంది. జాతర పహిల్వాన్ తన ఇష్టంతో దిగుతాడు. వీపు నేలకంటితే కుస్తీ అయిపోతుంది, లేచి మట్టి దులుపుకుంటాడు. గ్లాడియేటర్లలో ఎక్కువమంది బానిసలు, యుద్ధఖైదీలు. ప్రేక్షకుడి గట్టు మీద నుంచి మాత్రమే రాస్తే ఈ సంగతి కనపడదు, పైగా ఆ క్రూరత్వానికి మనమూ చప్పట్లు కొట్టినవాళ్లమవుతాం. వర్ణన నేర్పడం అవసరమని నేననేది ముఖ్యంగా ఇందుకే.

లాటిన్ కవి మార్షల్ రాసిన ప్రిస్కస్, వేరస్‌ల పోరును పిల్లలకు కథగా చెప్పవచ్చు. ఎంతసేపటికీ తేలక చివరికి ఇద్దరూ ఒకేసారి ఓటమి ఒప్పుకున్నారు. చక్రవర్తి ఇద్దరికీ విడుదల గుర్తుగా కొయ్యకత్తులు ఇచ్చాడు. ఆ పోరును పిల్లలచేత రెండుసార్లు రాయించాలి: ఒకసారి గట్టు మీద కూర్చున్నవాడిగా, మరోసారి వేరస్‌గా.