‘సేవ’ అనే మాట వెనుక: మైక్రోఅరే ఉమ్మడి ప్రయోగశాలలు - ఒక విమర్శ

వేలాది డి.ఎన్.ఎ. శకలాలను గాజు పలకపై చుక్కలుగా అమర్చి, కణంలో ఏ జన్యువు ఎంత చురుకుగా ఉందో ఆ చుక్కల మెరుపును బట్టి అంచనా వేసే సాధనం మైక్రోఅరే. 1995లో స్టాన్‌ఫర్డ్‌లో పాట్రిక్ బ్రౌన్ బృందం 45 అరబిడాప్సిస్ జన్యువులతో దీనిని ప్రకటించింది. చుక్కలు పెట్టే యంత్రాన్ని ఎవరికి వారు నిర్మించుకొనే విధానాన్నీ అందరికీ అందించింది. అయినా యంత్రం, స్కానరు, నిపుణులు, గణాంక విశ్లేషణ - ఇంత భారం ఒక్క ఆచార్యుడు మోయగలిగేది కాదు. అందుకే విశ్వవిద్యాలయాలలో ఉమ్మడి ప్రయోగశాలలు వెలిశాయి. పరిశోధకుడు ఆర్.ఎన్.ఎ. నమూనా పంపి, రుసుము చెల్లించి, ఫలితాల ఫైలు అందుకుంటాడు. ఈ ఏర్పాటుకు స్థిరపడిన పేరు ‘సేవ’.

పేచీ ఈ మాటతోనే. సేవలో చేసినవాడు కనబడడు. చేయించుకున్నవాడి పేరే నిలుస్తుంది. మైక్రోఅరే విషయంలో ఈ అదృశ్యత ఫలితాలకే చేటు తేగలదు.

2007లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో స్పీల్‌మన్ తదితరులు ఐరోపా, ఆసియా మూలాలున్న వారి కణాలను పోల్చి, పరీక్షించిన 4,197 జన్యువులలో 1,097 వ్యక్తీకరణలో భేదం చూపాయన్నారు. అదే సంవత్సరం, అదే పత్రికలో ఏకీ తదితరులు ఒక చిన్న వివరాన్ని బయటపెట్టారు. ఐరోపా నమూనాలలో అధిక భాగం 2003-04లోనూ, ఆసియా నమూనాలు 2005-06లోనూ ప్రయోగానికి వెళ్ళాయి. అలాంటప్పుడు కనబడిన భేదం జనసమూహానిదో, సంవత్సరానిదో విడదీయడం సాధ్యం కాదు. జాతుల గురించిన వాదం తేదీల దగ్గర తడబడింది.

ఉమ్మడి ప్రయోగశాలలో ఈ ప్రమాదం మరింత సహజం. నమూనాలు విడతలుగా వస్తాయి. ఏ విడతలో ఏవి చేరాలో తరచు పనుల పట్టికే నిర్ణయిస్తుంది. రసాయనాల సరుకు మారినా, పనిచేసే చేయి మారినా మెరుపు మారుతుంది. అఫిమెట్రిక్స్ ముడి ఫైళ్ళలో స్కాన్ తేదీ నమోదై ఉంటుంది. సవరించిన పట్టికను మాత్రమే అందుకొన్న పరిశోధకుడికి అదీ దక్కదు. ప్రయోగ వివరాలతో పాటు ముడి దత్తాంశాన్నీ వెల్లడించాలన్న మియామె ప్రమాణం 2001లోనే వచ్చింది. కానీ అది ప్రయోగం ముగిశాక చేసే వెల్లడి. అప్పటికి విడతల కూర్పు మార్చలేనిది.

ప్రయోగ రూపకల్పనలోనే సలహా ఇచ్చే ఉమ్మడి ప్రయోగశాలలు లేకపోలేదు. అక్కడ సాంకేతిక నిపుణుడు సహపరిశోధకుడే. రెండు వర్గాల నమూనాలనూ ప్రతి విడతలో కలిపి ఉంచమని అతడు ముందే కోరగలడు, కోరే స్థానం అతడికి ఇచ్చినప్పుడు.