సమతల రేఖనుండి ఘనాకృతి: ఓపెన్‌స్కాడ్ గుణదోషములు

కుమ్మరి సారెపై కుండ రూపొందు తీరును గమనించినవారికి ఒక సంగతి తెలియును. కుండ ప్రక్కభాగపు వంపు ఒక్క రేఖ మాత్రమే. ఆ రేఖ నడుమనున్న అక్షము చుట్టును ఒకమారు తిరిగినచో కుండ ఆకారము ఏర్పడును. సమతల చిత్రమును ఈ విధముగా ఘనాకృతిగా మార్చు పనిని కంప్యూటరుచే చేయించు ప్రోగ్రాములలో ఓపెన్‌స్కాడ్ ఒకటి. ఇది ఉచితముగా లభించునది. ఉన్నత పాఠశాలలలో రేఖాగణిత బోధనకు ఇది ఎంతవరకు తగియున్నదో పరిశీలించుట అవసరము.

దీని ముఖ్యగుణ మేమనగా, ఇందు బొమ్మను చేతితో గీయుటకు బదులు ఆజ్ఞలను వ్రాయవలెను. ‘లీనియర్ ఎక్స్‌ట్రూడ్’ అను ఆజ్ఞ చిత్రమును నిటారుగా సాగదీయును, త్రిభుజము పట్టకమగును. ‘రొటేట్ ఎక్స్‌ట్రూడ్’ అను ఆజ్ఞ చిత్రమును అక్షము చుట్టును త్రిప్పును. అర్ధవృత్తము గోళమగును, అక్షమునకు ఎడముగా నున్న వృత్తము కంకణమగును. చిత్రము అక్షమునకు ఇరువైపుల వ్యాపించినచో ప్రోగ్రాము దానిని అంగీకరింపదు. ప్రతి కొలతను సంఖ్యతో చెప్పవలసి యుండుటచే, విద్యార్థి ఆలోచింపక ఒక్క అడుగైనను వేయజాలడు. ఇది మెచ్చదగిన గుణము.

ఇక దోషము. 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల వృత్తమును, దాని కేంద్రమునకు 50 మిల్లీమీటర్ల దూరమున నున్న అక్షము చుట్టును త్రిప్పినామని అనుకొందము. క్రీ. శ. నాలుగవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నివసించిన పాపస్ పేరిట ప్రసిద్ధమైన సూత్రము ప్రకారము, చిత్రవైశాల్యమును దాని గురుత్వకేంద్రము నడచిన దూరముతో గుణించిన ఘనపరిమాణము లభించును. ఆ లెక్కన ఈ కంకణము 394.8 ఘన సెంటీమీటర్లు. కాని ఓపెన్‌స్కాడ్ కల్పించు కంకణము సుమారు 389 మాత్రమే!

ఇందుకు కారణము స్పష్టము. ఈ ప్రోగ్రాము తయారుచేయు ఆకృతిలో వృత్తము లేదు. వృత్తములో అంతర్లిఖితమైన బహుభుజి మాత్రమే కలదు. 2021లో వెలువడిన ప్రతిలో ముందుగా నిర్ణయించి యుంచిన విలువల ప్రకారము, ఒక్కొక్క భుజమునకు కేంద్రమువద్ద 12 డిగ్రీలకు, పొడవున 2 ప్రమాణములకు ఇంచుమించుగా తగ్గకుండ భుజములు ఏర్పడును. కావున ఎంత పెద్ద వృత్తమైనను 30 భుజములకు మించదు. ఇదే కంకణమును సెంటీమీటర్లలో 2, 5 అని వ్రాసినచో, దాని అడ్డుకోత ఏడు భుజముల ఆకృతియే యగును. కొలమానము మారినంతనే ఆకారము మారుట విద్యార్థిని తికమక పెట్టక మానదు. సూచనల గ్రంథమున ఈ సంగతి వివరింపబడినను, తెరపై ఎట్టి హెచ్చరికయు కానరాదు.

ఇది కేవలము లెక్కల పట్టింపు కాదు. 10 మిల్లీమీటర్ల వ్యాసముతో రంధ్రమును వ్రాసినచో, అది 16 భుజముల రంధ్రమగును. ఎదురెదురు భుజముల నడుమ దూరము 9.81 మిల్లీమీటర్లు మాత్రమే. త్రీడీ ప్రింటరు ఎంత ఖచ్చితముగా పనిచేసినను, 10 మిల్లీమీటర్ల కడ్డీ అందులో దూరదు. అప్పుడు విద్యార్థి యంత్రమును నిందించును, లేదా తన లెక్కనే శంకించును. రెండును అన్యాయములే.

ఫ్రీక్యాడ్ అను మరియొక ఉచిత ప్రోగ్రాము ఈ విషయమున మేలైనది. అది వృత్తమును వృత్తముగనే భద్రపరచును. ముద్రణకై ఎస్‌టీఎల్ ఫైలుగా మార్చునపుడు మాత్రమే ఆకృతి త్రిభుజములుగా విడిపోవును. యంత్రభాగములను రూపొందించువారికి అదియే తగినది.

అయినను తరగతిగదికి ఓపెన్‌స్కాడ్ పనికిరాదనుట సరికాదు. ఇందలి ‘ఎఫ్‌ఎన్’ అను విలువను మార్చి భుజముల సంఖ్యను కోరినంత పెంచవచ్చును. దానిని 100 చేసిన, పై కంకణము 394.3కు చేరును. ఆర్కిమిడీస్ 96 భుజముల బహుభుజితో ‘పై’ విలువను 223/71కును 22/7కును నడుమ బంధించిన మార్గము ఇదియే. ఉపాధ్యాయుడు భుజములను 6, 12, 24, 48, 96గా పెంచుచు, ప్రతిమారును లోపమెంత తగ్గెనో పట్టికగా వ్రాయించినచో, అవధి అను భావము విద్యార్థి కన్నులయెదుటనే రూపుదాల్చును. తెరపై నున్నగా కనిపించినదెల్ల వృత్తము కాదని అతడు గ్రహించినచో, ఈ ప్రోగ్రాములోని దోషమే పాఠమునకు ప్రయోజనకారి యగును.