అన్నానికి వెట్టి కడతారా?

'ఊరికే తింటే పిల్లలు చెడిపోతరు, బడి అన్నానికి బదులు కాస్త పని చేయించాలె, శ్రమ విలువ తెలుస్తది' అనే వాదన మేధావుల నోట వింటూనే ఉన్నాం. శ్రమ విలువ తెలియనిదెవరికి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో తల్లి పక్కన కూసోని బీడీలకు దారం చుట్టిన పిల్లకా?

1937లో వార్ధాలో గాంధీ కూడా పిల్లల చేతిపనితోనే బడి ఖర్చు వెళ్లాలన్నాడు. చేతిపనే కులమైన చోట మా పిల్లలకది చదువు కాదు, పాత పనే.

పనికి బదులు తిండి అన్న మాటకు ఈ నేల మీద పేరున్నది: వెట్టి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల కూలిరైతులు దొరల వెట్టికి ఎదురు తిరిగిండ్రు. సర్కారు ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది.

వండిన అన్నం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహారభద్రత చట్టం దాన్ని ఉచిత హక్కు చేసింది. హక్కుకు బదులు అడిగితే అది మళ్లీ దయ అవుతది.

పనిని అన్నానికి ముడేస్తే, ఇంటినుంచి డబ్బా తెచ్చుకున్నోడు ఊడ్వడు. ఆకలైనోడే ఊడుస్తడు. ఆ చీపురు ఏ కులం చేతికి పోతదో మాకు తెలుసు. శ్రమ నేర్పాలంటే అందరికీ నేర్పండి. పళ్లెం దగ్గర మాత్రం కాదు.